పై గుండీ

తొండియార్‌పేటలో టైలర్ చెంగల్రాయుడి ఇంటి ముందుగది. ఆదివారం పొద్దున. కుట్టుమిషన్ పక్కన తాత, ఎదురుగా ఫోను పట్టుకొని మనవరాలు శరణ్య. లోపల వంటింట్లో అవ్వ అలమేలు.

"తాతా, ఇంకొక్కసారి. బొటనవేలితో పైనుంచి కిందికి జారిస్తే చాలు. నొక్కేది లేదు, తిప్పేది లేదు."

"జారిస్తిని గదా."

"యాడ జారిస్తివి? దాన్ని గోకినావు."

"నా చేతిలో ఏముండాది పాపా. పక్షవాతం వచ్చిన చెయ్యి."

"పక్షవాతం వచ్చింది కుడిచేతికి. ఇప్పుడు గోకింది ఎడమచేత్తో."

"దాన్ని చూసి ఇది కూడా మొండికేస్తా ఉండాది. ఒకే ఒంట్లో ఉండేవి గదా రెండూ."

"చుమ్మా ఏదో ఒకటి చెప్పొద్దు తాతా. రేపు పదిగంటలకు కాలేజీలో నా రివ్యూ. దొరస్వామి సార్ ఒకటే మాట చెప్పినాడు. కుట్టకుండా తగిలించే గుండీ అన్నావు, ఒంటిచేత్తో పెట్టుకోవచ్చన్నావు, సరే, అట్ట పెట్టుకునే మనిషిని నాకు చూపించు అన్నాడు. ఒక్క నిమిషం వీడియో. అది లేకపోతే నాకు ఈ ఏడు పోయినట్టే. ఇప్పటికే రెండుసార్లు గడువు అడిగినా."

"ఆ సారు వేసుకునే చొక్కా ఎవరు కుట్టినారో అడుగు."

"రెడీమేడ్."

"అదీ సంగతి."

"అదీ సంగతంటే ఏంది?"

"ఏమీ లేదు. నలభై ఏళ్లు ఈ మిషన్ తొక్కినా. తొక్కి తొక్కి మీ నాయన గిరిని చదివించినా. వాడు నిన్ను తీసుకపోయి డిజైన్ కాలేజీలో వేసినాడు. నువ్వు పొయ్యి పొయ్యి కుట్టే పనే లేని గుండీ కనిపెడితివి. వంశానికి ఇంతకన్నా ఏం కావాల."

"నీకోసమే గదా తాతా కనిపెట్టింది."

"నాకోసమే అయితే వేరే ఏదైనా కనిపెట్టుండొచ్చు. కాఫీ చల్లారని లోటా, అట్టాంటిది."

"శరణ్యా, కాఫీ చల్లారతా ఉండాదని మీ తాతకు చెప్పు."

"తాతా, అవ్వ వంటింట్లోంచి…"

"వినిపించింది. తాగతానని చెప్పు."

"తాగతాడంట అవ్వా."

"మూడోసారి వేడి చెయ్యనని చెప్పు."

"చెయ్యదంట."

"వినిపించింది."

"మీ ఇద్దరికీ వినిపిస్తుంది గదా. మళ్లీ మధ్యలో నేనేల? పన్నెండేళ్లుగా ఈ ఇంట్లో నేను పోస్ట్‌మ్యాన్."

"నువ్వు వ్యాసర్పాడిలో ఉంటావు, వారానికొకసారి వస్తావు. నీకు ఆదివారం డ్యూటీ అంతే. తక్కిన ఆరు దినాలూ ఈ మిషనే. 'మిషనూ, అన్నం పెట్టి మూత వేసినా' అంటది. 'మిషనూ, తిన్నానని చెప్పు' అంటా నేను. పాపం, మీ నాయనకన్నా ఇది బాగా వింటది."

"అంత కోపమా, ఒక చీరకి?"

"ఒక చీర అని నువ్వనొద్దు. నువ్వే కట్టుకున్నావు దాన్ని."

"నాకు తొమ్మిదేళ్లు తాతా అప్పుడు. స్కూల్ యానివర్సరీకి డాన్స్ అంటే పావడ కుట్టి ఇస్తివి. అది అవ్వ వాళ్లమ్మ పెట్టిన చీరని నాకెట్ట తెలుస్తుంది?"

"నాకు మాత్రం తెలుసా? పెట్టె తెరిచి ఉండాది. పైన అది ఉండాది. ఎర్ర పట్టు, అరచేతి వెడల్పు జరీ అంచు. నాకు గుడ్డ కనిపించదు పాపా, కొలత కనిపిస్తది. ఇంత నడుం, ఇంత పొడుగు, కుచ్చిళ్లకి ఇంత. కత్తెర వేసేసినంక గానీ అది చీర అని తోచలేదు."

"ఆమెని అడిగుండొచ్చు గదా."

"నీళ్లకి పోయుండాది. నువ్వు ఆ పావడలో నాలుగు నిమిషాలు ఆడినావు. నేను పన్నెండేళ్లుగా ఆడతా ఉండా."

"సరి సరి. టైం పోతా ఉండాది. ఇది ఎన్నో సాంపిలో తెలుసా నీకు?"

"నాలుగో అయిదో."

"ఏడు. మొదటిది మాగ్నెట్. పక్కకి తెస్తే చాలు, దానంతట అదే అతుక్కుంటది. నువ్వేమన్నావు?"

"అననేమీ లేదు, జరిగింది చెప్పినా. గుండుసూదుల డబ్బా తీద్దామని ఒంగినా, డబ్బాలో ఉండేవన్నీ నా గుండె మీదికి లేచొచ్చినాయి. సరే, పోనీ అని మిషన్ మీదికి ఒంగినా. మిషన్ నన్ను పట్టుకొనింది. విడిపించడానికి ఎదురింటి ఇస్త్రీ మోహన్‌రాజ్ రావాల్సొచ్చె."

"రెండోది వెల్క్రో."

"గుళ్లో దణ్ణం పెట్టుకుందామని చేతులెత్తితే చర్రుమనింది. పూజారి ఎవరి బట్ట చినిగిందో అని చూసినాడు. పైగా మీ అవ్వ ఆరేసిన తువ్వాలు నాకు తగులుకొని వీధి చివరిదాకా నాతోనే వచ్చింది."

"మూడోది నొక్కేది."

"అది టిచ్ బటన్. చిన్నపిల్లల గౌనులకి నేను పుట్టకముందు నుంచీ ఉండాది. దానికి నువ్వు కాలేజీకి పోవాల్సిన పనే లేదు."

"నాలుగు, అయిదు, ఆరు. వాటికేమొచ్చింది?"

"అవి గుడ్డని పంటితో కొరికినట్టు కొరుకుతా ఉండాయి. రెండు ఉతుకులకి పట్టీ చిల్లులు పడతది. అందుకే గదా నీకు చెప్పినా, పళ్లు నిలువునా పెట్టొద్దు, పోగుకీ పోగుకీ మధ్యలో దిగేట్టు కొంచెం ఏటవాలుగా పెట్టమని."

"ఆమా, చెప్పినావు. అట్లే చేసినా. ఇదో, వెనకబిళ్ల. పట్టీ లోపల పెట్టి, పైబిళ్ల నొక్కితే గుడ్డని పట్టుకుంటది. సూది లేదు, దారం లేదు. అవతలి పట్టీకి ఈ కొక్కెం. కొక్కేన్ని ఈ గాడిలోకి జారిస్తే పని అయిపోయింది."

"గాడి నోరు ఇంకొంచెం వెడల్పు ఉండాల. కొక్కెం వెతుక్కునే పని లేకుండా. చీకట్లో కూడా దొరికేట్టు."

"పోయినవారం అదీ చెప్పినావు, అదీ చేసినా."

"చూపించు. ఊ. బాగానే చేసినావు. బిళ్ల అంచు గీరుకోకుండా అరగదీసినావా?"

"అరగదీసినా. చూడు తాతా, నువ్వు చెప్పినవన్నీ చేసినా. పనితనం బాగుందని నువ్వే అంటావు. మళ్లీ పెట్టుకోమంటే నీ చేతికి రాదు. ఎన్న తాతా ఇది?"

"పనితనం వేరే, ఒంటికి కుదరడం వేరే. ఎంత బాగా కుట్టినా కొందరికి చొక్కా కుదరదు. వాళ్ల ఒళ్లు అట్టాంటిది."

"పాపా, ఈడికి రా. ఈ ఊరగాయ డబ్బా మూత తియ్యి."

"వస్తా అవ్వా. తాతా, కదలొద్దు, ఫోను పడిపోతది. ఇటియ్యి అవ్వా. ఏం, ఇంత వదులుగానే ఉండాది గదా."

"నూనె చేతులు. జారింది."

"అవ్వా, నా సాంపిల్ డబ్బాలో పది క్లిప్పులు ఉండాల. ఎనిమిదే ఉండాయి. నువ్వేమైనా చూసినావా?"

"మీ తాతని అడుగు. ఇంట్లో ఏది పోయినా ఆయన కోసేసుంటాడు."

"నేను తీయలేదని చెప్పు పాపా. ఇనుము నేను కోయనని చెప్పు."

"తీయలేదంట."

"వినిపించింది. శరణ్యా, ఆ క్లిప్పు చొక్కాకేనా, వేరే వాటికి కూడా పడతాదా?"

"వేరేవి అంటే?"

"పావడకి, రవికెకి. ఊరికే అడిగినా."

"దేనికైనా పడతది అవ్వా. గుడ్డ రెండు మడతలు ఉంటే చాలు. ఏల?"

"ఊరికే అన్నా గదా. నీళ్ల లారీ కూత వేసింది, నేను పోతా ఉండా. పొయ్యి మీద పప్పుండాది, చూసుకోమని చెప్పు."

"తాతా, పప్పు చూసుకోమంటా ఉండాది."

"పప్పు నన్ను చూసుకుంటా ఉండాదని చెప్పు."

"వెళ్లిపోయింది తాతా. గేటు శబ్దం వినలేదా?"

"విన్నా. పోయిందా నిజంగా?"

"పోయింది. ఇప్పుడు నేనొకటి అడగతా, నువ్వు నిజం చెప్పాల."

"పప్పు పొంగతా ఉండాది చూడు."

"పొంగలేదు, పొయ్యి కట్టేసినా. పోయిన గురువారం అవ్వ యాడికి పోయింది?"

"తిరువొత్తియూరికి. వాళ్ల చెల్లెలికి ఒంట్లో బాగలేదని."

"ఎన్ని గంటలకి?"

"పొద్దున అయిదున్నర ట్రైనుకి. నన్నేల అడగతావు, నువ్వే గదా టిక్కెట్టు తీస్తివి ఫోనులో."

"అదే చెప్తా ఉండా. అయిదున్నరకి పోయింది. తొమ్మిదికి నేను నీకు వీడియో కాల్ చేసినా. ఇదే తెల్ల చొక్కా. కంఠం దాకా ఏడు గుండీలూ పెట్టున్నాయి. ఎవరు పెట్టినారు?"

"మోహన్‌రాజ్."

"మోహన్‌రాజ్ మామ ఆ వారమంతా సొంతూరు పోయినాడు. ఇస్త్రీ బండికి తాళం."

"అయితే ముందురోజు పెట్టినవే అయి ఉంటాయి."

"చొక్కాతోనే పడుకున్నావా?"

"పడుకోకూడదా?"

"చొక్కా మీద ఒక్క మడత లేదు తాతా. ఇస్త్రీ గీత అట్లే ఉండాది. నువ్వే నేర్పించినావు, గుడ్డ చూస్తే మనిషి ఎట్ట కూర్చున్నాడో చెప్పొచ్చని."

"నేర్పించకుండా ఉండాల్సింది."

"తాతా."

"ఏంది."

"ఎడమచేత్తో మామూలు గుండీ కూడా పెట్టుకోగలవా నువ్వు?"

"గట్టిగా మాట్లాడొద్దు. గోడకవతల ఆమె స్నేహితురాళ్లు ఉండారు."

"పెట్టుకోగలవా లేదా?"

"దీపావళి నుంచి."

"దీపావళి నుంచా? నాలుగు నెలలు. నేను ఈడ ఏడు సాంపిళ్లు చేసి, మాగ్నెట్లని, వెల్క్రో అని, ప్యారిస్‌లో తిరిగి తిరిగి, అరగదీసి అరగదీసి గోళ్లు పోగొట్టుకుంటే నువ్వు దీపావళి నుంచి…"

"ప్యారిస్ ఏంది, ఏ దేశానికి పోయినావు?"

"మన ప్యారిస్ తాతా, బీచ్ స్టేషన్ పక్కన. హార్డ్‌వేర్ అంగళ్లు. మాట మార్చొద్దు."

"టైలర్ని పాపా నేను. ఒక చెయ్యి పోతే ఇంకొక చేతికి నేర్పించకుండా ఎట్ట ఉంటా? మధ్యాహ్నం ఆమె పడుకున్నప్పుడు కూర్చొని నేర్పించినా. మొదట పెద్ద కోటు గుండీలు, తరవాత చొక్కావి. కుట్టను కూడా కుట్టినా."

"కుట్టినావా?"

"ఒకటే ఒకటి. ఈ చొక్కాకే, ఈ మూడో గుండీ. వదులుగా వేలాడతా ఉండాది. వదులు గుండీ పెట్టుకొని టైలర్ ఎట్ట తిరగతాడు? దీపావళి మర్నాడు కుట్టుకున్నా. చూడు, ఎవరికైనా తెలుస్తదా?"

"నాకు తెలీలేదు."

"ఎవరికీ తెలీదు."

"మరి అవ్వకేల చెప్పలేదు? రోజూ పొద్దున ఆమె చేత పెట్టించుకుంటా ఉండావు."

"చెప్పడానికి మాటలుండాలి గదా మా ఇద్దరికీ."

"మిషన్‌కైనా చెప్పొచ్చు గదా."

"చూడు పాపా. చొక్కాకి ఏడు గుండీలు. కింది ఆరూ పెట్టేటప్పుడు ఒక్క మాట ఉండదు. ఏడోది పై గుండీ. ఈ ఊరి ఎండలో ఎవరూ పెట్టుకోరు దాన్ని. నేను కూడా ఎప్పుడూ పెట్టుకోలేదు."

"సార్ కూడా నీ ఫోటో చూసి అదే అడిగినాడు. మీ తాత పెళ్లికి పోతా ఉండాడా, కంఠం దాకా ఏల అని."

"చేయి పడిపోయి ఇంటికొచ్చిన మొదటి దినం ఆమె అన్నీ పెట్టింది, పైదానితో సహా. కోపంలో పెట్టేసింది, తెలీక. అది పెట్టేటప్పుడు గడ్డం అడ్డమొచ్చింది. 'గడ్డం ఎత్తు' అనింది."

"మిషన్‌తోనా?"

"మిషన్‌కి గడ్డం యాడుంది? నాతో. నా మొహం చూసి. పదకొండేళ్లయినంక. ఆ మర్నాడు కూడా అనింది. అప్పట్నుంచి రోజూ అంటది. రెండు మాటలు. గడ్డం, ఎత్తు."

"దానికోసమా తాతా?"

"నవ్వతా ఉండావా?"

"లేదు."

"నవ్వుకో. ఇంకొకటి చెప్తా విను. మొదట్లో రెండే నిమిషాలు, గబగబా పెట్టేసి పొయ్యేది. ఇప్పుడు పావుగంట పడతా ఉండాది. ఒక్కో గుండీ కాడ ఆగతది. పట్టుకుంటది, వదలతది, మళ్లీ పట్టుకుంటది. పై గుండీ కాడైతే నా గడ్డం కింద ఆమె చేతులు అట్లే ఉంటాయి ఎంతోసేపు. తొందర లేదు ఆమెకిప్పుడు. కోపం కరగతా ఉండాది పాపా. ఇంకొక ఏడు ఇట్లే పోతే రెండు మాటలు మూడవుతాయి. ఈలోపల నువ్వొచ్చి ఒక్క సెకనులో జారిపోయే క్లిప్పు పెడతానంటా ఉండావు."

"అందుకా ఏడు సాంపిళ్లూ కుదర్లేదు నీకు?"

"మాగ్నెట్ మాత్రం నిజంగానే కుదర్లేదు."

"నా గతేంది తాతా ఇప్పుడు? యూజర్ అని నీ పేరు రాసినా. చెంగల్రాయుడు, అరవైఎనిమిది, కుడిచెయ్యి పనిచెయ్యదు, గుండీ పెట్టుకోలేడు. ఇప్పుడు చూస్తే పెట్టుకోవడమే కాదు, కుట్టుకుంటాడు కూడా. కుట్టకుండా పెట్టే గుండీకి కుట్టుకునే యూజర్. దొరస్వామి సార్ మొహం నేనెట్ట చూసేది?"

"వీడియో కావాల, అంతే గదా నీకు. తీద్దాం. ఇప్పుడే. చూడు, బొటనవేలు, జారిస్తినా. పడిందా. ఇంకొకటి. పడిందా. ఏడూ పెట్టి చూపిస్తా, ఒక్క నిమిషం ఏంది, అర నిమిషం చాలు."

"అయ్యో తాతా, ఎంత బాగా పడతా ఉండాది."

"బాగానే ఉండాది. నిజం చెప్తే చాలా బాగుండాది పాపా. నేను నీకు ముందే చెప్పాల్సింది. నా కొడుకు కూతురు చేసింది అని వీధంతా చూపించుకోవాల్సిన సరుకు ఇది. కానీ ఒక్క మాట. ఆమెకి చూపించొద్దు. రేపు నీ సారుకి చూపించి, వెంటనే కొట్టేయి ఫోనులోంచి."

"అది అబద్ధం తాతా. అక్కర్లేని మనిషి చేత పెట్టించి, అక్కరున్నట్టు చూపించడం. సార్ అడుగుతాడు, ఇది లేకపోతే ఆయన ఏం చేస్తాడు అని. నేనేం చెప్పాల?"

"నువ్వు అడిగినట్టు నేను పెట్టుకున్నా. తక్కింది నీ సారుకీ నీకూ."

"తక్కిందే అసలు సంగతి. అక్కర ఎవరికి అని మొదటి దినం క్లాసులో చెప్పినారు. అక్కర ఉండే మనిషి దొరికితే సగం పని అయినట్టేనంట. నాకు ఇప్పుడు ఆ మనిషే లేడు. ఏడు నెలలు చేసిన పని, ఒక్కరికి కూడా అక్కర్లేదు."

"ఏడవొద్దు. ఏడిస్తే నేను అది కూడా చూడలేను. గేటు చప్పుడైంది, ఆమె వచ్చింది. క్లిప్పులు ఊడదీయి, సీక్రం. మామూలు గుండీలు వదిలేసెయ్యి, తెరిచే ఉండనీ."

"పప్పు కట్టేసినారా, అడుగు శరణ్యా."

"నేనే కట్టేసినా అవ్వా. బిందె ఏది?"

"మోహన్‌రాజ్ తెచ్చి పెడతానన్నాడు. నీ మొహం ఏంది అట్ట ఉండాది? ఆయన ఏమన్నాడు?"

"ఏమీ అనలేదు. అవ్వా, నాకొక సాయం చెయ్యి. సార్‌కి రెండు వీడియోలు కావాల. క్లిప్పుతో పెట్టుకునేది ఒకటి, క్లిప్పు లేకముందు ఎట్ట జరగతా ఉండాదో అది ఒకటి. నువ్వు రోజూ తాతకి గుండీలు పెడతావు గదా, అది తీసుకుంటా. కనీసం అదైనా నిజంగా ఉంటది."

"ఆ మొదటిది అయిందా?"

"ఏది?"

"క్లిప్పుతో ఆయన పెట్టుకునేది."

"అయ్యీ కాకుండా ఉండాది. ముందు ఇది తీద్దాం రా."

"పొద్దున పెట్టినా గదా, మళ్లీనా?"

"ఊడదీసినాము అవ్వా, సాంపిల్ చూడాలని."

"రేపు పెడతా."

"రేపు రివ్యూ. ప్లీజ్ అవ్వా."

"పాపా, ఆమెకి ఇష్టం లేకపోతే వద్దని చెప్పు. ఇష్టముంటే నేను నిలబడతానని చెప్పు."

"నాకు ఇష్టాయిష్టాల పని లేదని చెప్పు. లేచి వెలుతురుకి రమ్మను."

"తాతా, కిటికీ కాడికి రా. అట్ట. ఆన్ చేసినా. అవ్వా, కింద నుంచి మొదలుపెట్టు. రోజూ ఎట్ట పెడతావో అట్లే, ఫోను చూడొద్దు."

"ఊపిరి బిగబట్టొద్దని చెప్పు."

"తాతా, మామూలుగా ఉండు."

"మామూలుగానే ఉండా."

"ఒకటి అయింది. రెండు. అవ్వా, మూడోదానికాడ ఏల ఆగినావు?"

"ఆగలేదు."

"దారం చూస్తా ఉండావు."

"ఈ ఇంటి చొక్కాలకి ముప్పై ఏళ్లు కాజాలు, గుండీలు కుట్టింది నేను. దారం చూడకుండా గుండీ ఎట్ట పెడతా? నువ్వు తియ్యి."

"సరి. మూడు. నాలుగు. అయిదు నిమిషాలైంది అవ్వా, ఇంకా నాలుగే. వీడియో పెద్దదైపోతది. కొంజం సీక్రం…"

"తొందర పెట్టొద్దు పాపా. మీ అవ్వ నిదానంగానే పెడతది. నీకు వీడియో తొందరైతే నాకేం తొందర లేదు."

"మాట్లాడొద్దని చెప్పు. మాట్లాడితే పొట్ట కదలతది, గుండీ జారతది."

"తాతా, మాట్లాడొద్దు. అయిదు. ఆరు. ఇంక పైది ఒక్కటే. అవ్వా, చేతులు కొంచెం పైకెత్తు, కాలరు కనపడట్లేదు. ఆ, అట్ట. ఇంకొంచెం… అవ్వా. నీ రవికెకి, పైటకింద, అవి నా క్లిప్పులు గదా?"

"నువ్వు గుండీని తియ్యి. నన్ను తియ్యొద్దు."

"పోయిన రెండూ ఇవే. రెండూ సరిగ్గా పడుండాయి. ఎవరు పెట్టినారు నీకు?"

"ఎవరు పెట్టాల? నువ్వు ఆయనకి యాభైసార్లు చెప్తివి, వంటింట్లో నాకు వచ్చేసింది. బొటనవేలితో పైనుంచి కిందికి జారిస్తే చాలని."

"ఊరందరి రవికెలకీ హుక్కులు కుట్టిన దానివి. నీ రవికెకి హుక్కులు లేవా?"

"ఉండాయి."

"మరి క్లిప్పులు ఏల?"

"పాపా, ముందు పై గుండీ కానియ్యి. ఆ గొడవ తరవాత. ఆమెని అననీ."

"ఏం అనాల తాతా?"

"నువ్వు ఊరుకో."

"గడ్డం ఎత్తు."

"ఎత్తినా."

"అవ్వా, ఏమైంది? కాజా కాడిదాకా వచ్చి మళ్లీ జారిపోతా ఉండాది."

"ఎత్తినానని చెప్పు పాపా. ఎంతసేపైనా ఎత్తుకునే ఉంటానని చెప్పు."

"ఏమయ్యా."

"పాపా, మీ అవ్వ ఎవర్ని పిలిచింది?"

"నిన్నే. మూడో గుండీ నువ్వే కుట్టుకున్నావు, దారం ఎడమచేత్తో తిరగచుట్టు చుట్టినావు, దీపావళి నుంచి నేను చూస్తానే ఉండా. ఈ పైది కూడా ఇంక నువ్వే పెట్టుకోవయ్యా. నా వేళ్లు ఒంగడం లేదు."